మేనరికం ప్రశ్నకు మూడు మార్కులే: ప్యారలల్ కజిన్ సంగతేంటి? (ఆంత్రోపాలజీ ఆప్షనల్, పేపర్-1)

#1 కొత్త_ఆప్షనల్

అందరికీ నమస్కారం. సివిల్స్‌కి ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకున్నాను, మెయిన్స్ తెలుగులోనే రాస్తాను. నాది బీకాం, బయాలజీ అంటేనే టెన్షన్.

మొన్న ఒక టెస్ట్ సిరీస్‌లో "క్రాస్ కజిన్ వివాహం", అంటే మేనమామ, మేనత్త పిల్లలతో పెళ్ళి మీద 10 మార్కుల ప్రశ్న ఇచ్చారు. నిర్వచనం రాశాను. ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ పేరు రాశాను. దక్షిణ భారతంలో మేనరికం ఉదాహరణ ఇచ్చాను. చివర్లో "అయితే ఇది జన్యుపరంగా హానికరం" అని ముగించాను. 3 మార్కులు వేశారు. ఆ చివరి వాక్యం కింద గీత గీసి "మరి ప్యారలల్ కజిన్?" అని ఎర్ర ఇంకుతో ఒక్క ముక్క రాశారు. ప్యారలల్ కజిన్ అంటే బాబాయి, పిన్ని పిల్లలని తెలుసు, కానీ ఎంత ఆలోచించినా అదేం అడుగుతున్నారో అంతుపట్టలేదు. ఎవరైనా విప్పి చెప్తారా?

#2 రెండోసారి_మెయిన్స్

నిర్వచనం, పేరు, ఉదాహరణ, నీతి. ఈ నాలుగు ముక్కల ఆన్సర్ అందరూ రాసేదే, అందుకే 3. ఎర్ర ఇంకు సంగతి పెద్దవాళ్ళు చెప్తారు, నేనూ వింటాను.

#3 గోదారి_గట్టు

ఆ దిద్దినాయన మంచి ప్రశ్నే వేశాడమ్మా. డిగ్రీ పిల్లలకు చాలాకాలం ఈ సబ్జెక్టే చెప్పాను కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తాను.

మీ మేనమామ కూతురినీ, మీ పిన్ని కూతురినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు మీ అన్నయ్యకు మరదలు. ఇంకొకరు చెల్లెలు. మరదలితో సరసమాడితే ఇంట్లో అందరూ నవ్వుతారు. పిన్ని కూతురితో పెళ్ళి మాట ఎత్తితే చెంప పగులుతుంది. కానీ ఇద్దరూ మీ అమ్మమ్మ తాతయ్యల మనవరాళ్ళే కదా? రక్తసంబంధం కొలిస్తే ఇద్దరిదీ ఒకే దూరం. అంటే మన సమాజం గీసిన ఆ గీత రక్తం చూసి గీసింది కాదు. మీరేమో "జన్యుపరంగా హానికరం" అని ముగించారు. హాని భయంతోనే పెళ్ళి నిషేధాలు పుట్టాయనుకుంటే పిన్ని కూతురిని వద్దని, మేనమామ కూతురిని రమ్మనడం ఎందుకు? దిద్దినవారు అడిగింది అదే.

"ఇంటిపేరు ఒకటే కాబట్టి చేసుకోరు" అని చాలామంది రాస్తారు. పెదనాన్న, బాబాయి పిల్లల వరకు అది సరిపోతుంది. ఇంటిపేరూ గోత్రమూ ఒకటే, వంశ బహిర్వివాహ నియమం వాళ్ళను ఆపుతుంది. పిన్ని పిల్లల దగ్గరకొచ్చేసరికి ఆ వాదన చతికిలబడుతుంది. పిన్ని వేరే ఇంటికి కోడలై వెళ్ళింది, పిల్లల ఇంటిపేరు వేరు, గోత్రమూ వేరు కావచ్చు. అయినా వాళ్ళు అన్నాచెల్లెళ్ళే. కాబట్టి వంశానుక్రమ సిద్ధాంతం, అంటే బంధుత్వాన్ని వంశం నుంచే వివరించే రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఫోర్టెస్‌ల దారి, ఈ విషయాన్ని సగమే వివరిస్తుంది. మిగతా సగానికి పెళ్ళిని ఇళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడంగా చూసిన లెవీ-స్ట్రాస్ (1949), లూయీ డ్యూమాంట్ (1953) కావాలి. తమిళనాడులో ప్రమలై కళ్ళర్ల మధ్య పనిచేసిన డ్యూమాంట్ ఏమన్నాడంటే, ద్రావిడ బంధుత్వ పదాలన్నీ పెళ్ళి చుట్టూ అల్లుకున్నవని. చుట్టాలంతా రెండే రకాలు. ఒకటి మనవాళ్ళు, రెండోది వియ్యమందే వాళ్ళు. "మామ" అన్న పిలుపే చూడండి. అమ్మ తమ్ముడు మామ, నాన్న చెల్లెలి మొగుడు మామ, పిల్లనిచ్చినాయన కూడా మామే. పెళ్ళి అయ్యాక మామ కావడం కాదు, ఆయన ముందునుంచీ ఆ వరుసలోనే ఉన్నాడు.

లెవీ-స్ట్రాస్ పేరు రాస్తే మార్కు రాదు, ఆయన చేసిన విభజన రాయాలి. మేనమామ కూతురిని మాత్రమే చేసుకునే చోట పిల్లను ఇచ్చే ఇల్లు, తీసుకునే ఇల్లు వేరు. ఇంటి నుంచి ఇంటికి అలా ముందుకు సాగుతూ చాలా కుటుంబాలను కలుపుతుంది, అది సాధారణీకృత మార్పిడి. మేనత్త కూతురిని చేసుకుంటే ముందుతరంలో వెళ్ళిన పిల్లకు బదులు ఈ తరంలో పిల్ల తిరిగొస్తుంది. "ఎదురు మేనరికం", "కుండ మార్పిడి" మన ఊళ్ళలో వినే ఉంటారు. కుండ మార్పిడిలో ఇద్దరు అన్నలు ఒకరి చెల్లిని ఒకరు చేసుకుంటారు, అది రెండు ఇళ్ళే నేరుగా ఇచ్చిపుచ్చుకునే పరిమిత మార్పిడికి అచ్చమైన ఉదాహరణ. పుస్తకంలో ఆస్ట్రేలియా కరీరా తెగ ఉంటుంది, మీకు మీ ఊరే చాలు.

#4 తెనాలి_తుంటరి

గట్టుగారూ, మరి అక్క కూతురిని చేసుకున్న మా మావయ్య ఏ మార్పిడి కిందకొస్తాడు? పెళ్ళికూతురిని బుట్టలో మోసుకురావాల్సిన మేనమామే పెళ్ళికొడుకై పీటల మీద కూర్చున్నాడు. ఆఖరి నిమిషంలో బుట్ట మోయడానికి వరసకు ఇంకో మామను వెతికారు 😀

#5 గోదారి_గట్టు

బాగుంది! ఆ బుట్ట కూడా జవాబులో వాడుకునే సరుకే. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకునేది, చెవులు కుట్టించేది, పెళ్ళిలో బుట్ట మోసేది మేనమామ. మేనమామకు మేనల్లుడితో, మేనకోడలితో ఉండే ఈ ప్రత్యేక సంబంధాన్ని అవంక్యులేట్ అంటారు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1924లో దక్షిణాఫ్రికా మేనమామ మీద రాసిన వ్యాసం ఈ టాపిక్‌కు పునాది. బావామరదళ్ళ ఎకసెక్కాలను పరిహాస సంబంధం అంటారు, దాని మీద కూడా ఆయనే 1940లో వ్యాసం రాశాడు. దగ్గరితనమూ, గొడవ వచ్చే అవకాశమూ రెండూ ఉన్న చోట సమాజం వేళాకోళానికి అనుమతిచ్చి ఆ గొడవను తేలిగ్గా దాటిస్తుందని ఆయన వాదన. దానికి అవతలి కొస అత్తగారూ అల్లుడూ. అల్లుడు వస్తే పక్కకు తప్పుకుని, తలుపు చాటున నిలబడి మాట్లాడే అత్తగారు పాత ఇళ్ళలో మామూలే. అది వర్జన సంబంధం.

అక్క కూతురి పెళ్ళిలో తరం తేడా వస్తుంది కాబట్టి అది లెవీ-స్ట్రాస్ గళ్ళలో నీటుగా కూర్చోదు. జవాబులో ఆ మాట రాస్తే చదివేవాడు తల పైకెత్తుతాడు.

#6 రెండోసారి_మెయిన్స్

నాదో డౌట్. బంధుత్వ పదాలకు మోర్గన్ ఆరు రకాల వర్గీకరణ అంటూ కోచింగ్ నోట్స్‌లో "ఇరాక్వా పద్ధతి = ద్రావిడ పద్ధతి" అని ఉంది. ఒకటేనా?

#7 గోదారి_గట్టు

కాదు. ఇది అడిగినందుకు సంతోషం. ఆ ఆరు పేర్ల పట్టిక కూడా మోర్గన్‌ది కాదు, తర్వాత మర్డాక్ 1949లో స్థిరపరిచింది. మోర్గన్ చేసింది వర్గీకరణాత్మకం (చాలామంది చుట్టాలకు ఒకే పిలుపు), వర్ణనాత్మకం (ఒక్కో చుట్టానికి వేరే పిలుపు) అన్న రెండు ముక్కలు.

కథ ఇదీ. మోర్గన్ అమెరికాలో సెనెకా ఇరాక్వాల బంధుత్వ పదాలు రాసుకున్నాక, ఇలాంటివి ఇంకెక్కడున్నాయో తెలుసుకోవడానికి ప్రపంచమంతా ప్రశ్నావళులు పంపించాడు. తమిళ పదాలు ఆర్కాటు ప్రాంతంలో ఉన్న స్కడర్ అనే అమెరికన్ మిషనరీ రాసి పంపాడు. అవి సెనెకాతో సరిపోయేసరికి మోర్గన్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. 1871లో వచ్చిన ఆయన పట్టికల్లో తెలుగు కూడా ఉంది. అప్పటినుంచి రెండూ ఒకటే అనుకున్నారు. 1964లో లౌన్స్‌బరీ తేడా పట్టుకున్నాడు.

ఆ తేడా మన ఇంట్లోనే చూసుకోవచ్చు. మీ నాన్నగారికి బావ వరస అయినాయన మీకేమవుతాడు? మామయ్య. ఆయన పిల్లలు మీకు బావా మరదళ్ళే. అంటే నాన్న తరంలో ఉన్న మేనరికం వరస మన తరానికి కూడా దిగింది. ఇరాక్వా పద్ధతిలో అలా దిగదు. నాన్న వైపు, నాన్న తరంలో మగవాడు కాబట్టి ఆయన నాన్న లెక్కే, ఆయన పిల్లలు అన్నాచెల్లెళ్ళే. మొదటి వరస కజిన్ల దగ్గర రెండు పద్ధతులూ ఒకేలా కనిపిస్తాయి, రెండో వరసకు వెళ్తే విడిపోతాయి. వాళ్ళ పదాలకు మేనరికంతో ముడి లేదు, మన పదాలకు ఉంది. ఈ ఒక్క పేరా రాస్తే ఆ ప్రశ్నలో నోట్స్ బ్యాచ్ అంతా వెనకబడుతుంది.

#8 ల్యాబ్‌కోటు

బయాలజీ వైపు నేను చెప్తాను. బీకాం అని భయపడక్కర్లేదు, వడ్డీ లెక్క కన్నా సులువు.

దగ్గరి చుట్టాల మధ్య పిల్లలు పుట్టడం అంతఃప్రజననం. దాన్ని కొలిచేది అంతఃప్రజనన గుణకం, దాన్ని ఎఫ్ అంటారు. బిడ్డకు ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి, ఒకే ప్రతి నుంచి దిగివచ్చే సంభావ్యత ఇది. తండ్రి నుంచి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎన్ని మెట్లో, తల్లి నుంచి ఎన్ని మెట్లో కూడి, దానికి 1 కలిపి, అన్నిసార్లు సగం చేయాలి. మేనమామ కూతురిని చేసుకుంటే అటు 2, ఇటు 2, ఇంకో 1. మొత్తం 5. అరను అయిదుసార్లు గుణిస్తే 1/32. ఉమ్మడి పూర్వీకులు తాత, అమ్మమ్మ ఇద్దరు కాబట్టి రెట్టింపు, 1/16. అక్క కూతురైతే అటు 1, ఇటు 2, ఇంకో 1. అంటే 1/16, ఇద్దరికి కలిపి 1/8. పిన్ని కూతురికి లెక్క వేసినా వచ్చేది 1/16. గట్టుగారు "ఒకే దూరం" అన్నది ఇదే.

ఇప్పుడు హాని ఎంత అన్నది. వంశపారంపర్య అంతర్గత జబ్బు, అంటే రెండు ప్రతులూ చెడితేనే బయటపడే రిసెసివ్ జబ్బు ఒకటి తీసుకోండి. చెడు జన్యువు తరచుదనం క్యూ. బయటి పెళ్ళిళ్ళలో జబ్బు వచ్చే అవకాశం క్యూ స్క్వేర్. దగ్గరి పెళ్ళిలో దానికి ఎఫ్ × పి × క్యూ కలుస్తుంది, పి అంటే 1 నుంచి క్యూ తీసేస్తే మిగిలేది.

క్యూ 0.01 అనుకుందాం. బయటి పెళ్ళిలో 10,000 మందికి 1. మేనరికంలో 0.0001 + (0.0625 × 0.99 × 0.01), అంటే 10,000కు దాదాపు 7. అక్క కూతురైతే 13 పైచిలుకు. అదే జబ్బు జన్యువు బాగా ఎక్కువగా ఉండి క్యూ 0.1 అయితే? బయటి పెళ్ళిలో 100కు 1, మేనరికంలో 100కు 1.56. అంతే. కాబట్టి మేనరికం ప్రభావం అరుదైన జబ్బుల దగ్గర ఎక్కువ, సాధారణ జబ్బుల దగ్గర తక్కువ. "జన్యుపరంగా హానికరం" అనే వాక్యం బదులు ఈ రెండు అంకెలు పెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట. అంతఃప్రజననం జన్యువుల తరచుదనాన్ని మార్చదు. హెటిరోజైగస్‌లను (రెండు ప్రతులూ వేరైనవాళ్ళను) తగ్గించి హోమోజైగస్‌లను (రెండూ ఒకటేనైనవాళ్ళను) పెంచుతుంది, అంతే. "చెడు జన్యువులు పెరుగుతాయి" అని రాస్తే తప్పు.

#9 పలమనేరు_కుర్రోడు

మా అమ్మానాన్న మేనరికమే. మేము ముగ్గురం బాగానే ఉన్నాం. మా ఊళ్ళో సగం ఇళ్ళు అంతే. ఈ పదివేలు, పదమూడు చూస్తే నవ్వొస్తోంది. డాక్టర్లు ఊరికే భయపెడతారని మా నాయన అంటాడు.

#10 ల్యాబ్‌కోటు

10,000 మందిలో 7 అంటే మిగతా 9,993 మందికి ఆ జబ్బు లేదనే కదా, మీరు వాళ్ళలో ఉన్నారు. కాకపోతే జబ్బులు ఒకటి కాదు, వేలల్లో ఉన్నాయి, అన్నీ కలిపి చూడాలి. బిటిల్స్, నీల్ 1994లో చాలా జనాభాల అంకెలు కలిపి లెక్కగట్టారు. ఫస్ట్ కజిన్ జంటల పిల్లల్లో పెళ్ళీడుకు రాకముందే చనిపోయేవాళ్ళు మిగతావాళ్ళ కన్నా 100కు 4.4 మంది ఎక్కువ అని తేలింది. భయపడి పారిపోయేంత కాదు, కొట్టిపారేసేంత చిన్నదీ కాదు.

మన దగ్గర ఈ పరిశోధనకు మంచి చరిత్ర ఉంది. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ భారత్‌కు వచ్చాక ఆయన శిష్యుడు, పిఠాపురం మనిషి ద్రోణంరాజు కృష్ణారావు 1960ల మొదట్లో ఆంధ్రలో మేనరికాల తరచుదనం, ఫలితాల మీద పనిచేశారు. తరతరాలుగా మేనరికాలు జరిగిన చోట ప్రాణాంతక జన్యువులు ఎప్పుడో వడకట్టుకుపోయి ఉంటాయని ఎల్.డి. సంఘ్వీ 1966లో ఊహించారు. తమిళనాడులో రావు, ఇన్‌బరాజ్ పెద్ద సర్వే చేస్తే హాని అనుకున్నంత కనబడలేదు. ఈ చర్చ ఇంకా తెగలేదు, జవాబులో రెండు వైపులా రాయడం మంచిది.

(హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో పోయారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. పరీక్షకు పనికిరాదు, తెలిసి ఉంటే బాగుంటుందని రాశాను.)

#11 తెనాలి_తుంటరి

ద్రోణంరాజు అంటే ఆ చెవుల మీద వెంట్రుకల ఆయనేనా? ఇంటర్ జువాలజీలో చదివాం, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే, వై క్రోమోజోమ్ అని. మా తాత చెవులు చూసి నేను గట్టిగా నమ్మాను.

#12 ల్యాబ్‌కోటు

ఆయనే. 1960లో ఆ వంశవృక్షాలు ప్రచురించారు. తర్వాత 2004లో దక్షిణ భారత మగవాళ్ళ వై క్రోమోజోములనే పోల్చి చూశారు. చెవి వెంట్రుకలు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే రకం వై మోస్తున్నారు. వై-అనుసంధానం కాదని తేలింది. పాత పుస్తకాల్లో మాత్రం ఆ ఉదాహరణ అలాగే ఉంది. మెయిన్స్‌లో వాడకండి.

క్రోమోజోముల మాట వచ్చింది కాబట్టి ఒక సరదా లెక్క. ఆటోజోముల (ఎక్స్, వై కాని మిగతా క్రోమోజోముల) మీద మేనమామ కూతురు, మేనత్త కూతురు, పిన్ని కూతురు అందరూ 1/16. ఎక్స్ క్రోమోజోమ్ మీద అలా కాదు. మగవాడికి ఎక్స్ అమ్మ నుంచే వస్తుంది, నాన్న ఇచ్చేది వై. మేనత్త కూతురితో చుట్టరికం నాన్న వైపు నుంచి. నాన్న తన ఎక్స్‌ను కొడుక్కి ఇవ్వనే లేదు. కాబట్టి ఆ జంట కూతురికి ఎక్స్ మీద ఎఫ్ సున్నా. మేనమామ కూతురైతే 1/8. పిన్ని కూతురైతే 3/16. అక్క కూతురు? ఆటోజోముల మీద రెట్టింపు ఉన్నా ఎక్స్ మీద మేనమామ కూతురిలాగే 1/8. కొడుకులకు ఎక్స్ ఒకటే ప్రతి కాబట్టి వాళ్ళకు ఈ లెక్కే లేదు.

#13 కొత్త_ఆప్షనల్

ల్యాబ్‌కోటు గారూ, కాగితం మీద గీసి చూశాను, మేనత్త కూతురి సున్నా అర్థమైంది. అంటే బయాలజీ ప్రకారం మేనత్త కూతురు మేలు, కానీ మా వైపు మేనమామ కూతురినే ఎక్కువ చేసుకుంటారు. అదే కదా మీరంతా చెప్తున్నది, సామాజిక గీతకూ జన్యు గీతకూ పొంతన లేదని?

ఇంకో ప్రశ్న. అయితే ఇన్సెస్ట్ (దగ్గరి రక్తసంబంధుల మధ్య లైంగిక సంబంధం) నిషేధానికి బయాలజీతో సంబంధమే లేదని రాయచ్చా?

#14 గోదారి_గట్టు

అంత దూరం పోకండి. పొంతన పూర్తిగా లేదని కాదు. సొంత తోబుట్టువుల మధ్య, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య నిషేధం దాదాపు ప్రతి సమాజంలో ఉంది. అక్కడ ఎఫ్ 1/4. ఆ లోపలి వలయానికి వెస్టర్‌మార్క్ (1891) చెప్పిన వివరణ ఇప్పటికీ నిలబడింది. చిన్నప్పుడు ఒకే చోట పెరిగినవాళ్ళకు ఒకరి మీద ఒకరికి ఆ కోరిక పుట్టదన్నాడు. ఇజ్రాయెల్ కిబుట్జుల్లో (ఉమ్మడి వ్యవసాయ ఊళ్ళలో) కలిసి పెరిగిన పిల్లలు తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోకపోవడం, తైవాన్‌లో చిన్నప్పుడే తెచ్చుకుని పెంచిన కోడళ్ళ కాపురాలు సరిగ్గా సాగలేదని ఆర్థర్ వోల్ఫ్ చూపించడం, రెండూ ఆయనకు సాక్ష్యాలు.

ఆ లోపలి వలయం దాటాక గీత ఎక్కడ గీయాలన్నది సంస్కృతి పని. ఉత్తరాదిలో సపిండ నియమం, అంటే దగ్గరి రక్తబంధువుల పెళ్ళి వద్దనేది, నాన్న వైపు అయిదు తరాలు, అమ్మ వైపు మూడు తరాలు ఆపుతుంది. మనం మేనమామ కూతురిని పిలిచి చేసుకుంటాం. బౌధాయన ధర్మసూత్రం మేనమామ, మేనత్త కూతుళ్ళ పెళ్ళిని దక్షిణాది ఆచారమని ఎప్పుడో నమోదు చేసింది. 1955 హిందూ వివాహ చట్టం సపిండ పెళ్ళిళ్ళు చెల్లవంటూనే, ఆచారం ఉన్న చోట మినహాయింపు ఇచ్చింది. ఇరావతి కర్వే 1953లో దేశాన్ని నాలుగు బంధుత్వ మండలాలుగా విడదీయడంలో ఈ తేడానే కీలకం.

టైలర్ 1889లో చెప్పిన మాట కూడా ఒక వాక్యంలో పెట్టండి. బయటి గుంపులతో వియ్యమందకపోతే వాళ్ళ చేతిలో చస్తామన్న పరిస్థితి ఆదిమ సమాజాలదని. లెవీ-స్ట్రాస్‌కు అది ముందు మెట్టు.

#15 జోడేఘాట్_దారి

మాది కుమ్రం భీం ఆసిఫాబాద్ వైపు. అందరూ తమిళనాడు, గోదావరి అంటున్నరు, గోండుల ముచ్చట కూడా పెట్టుండ్రి. పేపర్-2లో కూడా పనికొస్తది.

గోండుల్లో సగ అని ఉంటది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళు అని నాలుగు సగలు. ఒక్కో సగలో చాలా పాడిలు, అంటే వంశాలు ఉంటయి. ఒకే సగలో ఇంటిపేరు వేరైనా అన్నదమ్ములే, పిల్లనివ్వరు, తీసుకోరు. ఫ్రాట్రీ (కొన్ని వంశాలు కలిసిన గుంపు) అనే పదానికి ఇంత కన్నా మంచి ఉదాహరణ దొరకదు. పైగా మేనమామ బిడ్డను చేసుకునుడు గోండుల్లో కూడా మంచిదే అంటరు. కుమ్రం భీం 1940లో చనిపోయినంక నిజాం సర్కారు పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ సగల పద్ధతి అంతా మార్లవాయిలో ఉండి రాసిండు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఇప్పటికీ మార్లవాయిలనే ఉన్నది.

ఇంకోటి, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి పోయే కర్మకాండల్ల విడిపోవుడు, నడుమ కాలం (లిమినల్), విలీనం అని మూడు దశలుంటయని చెప్పిన వాన్ గెనెప్ (1909) ప్రశ్న వస్తే అందరూ ఉపనయనం రాస్తరు. కేస్లాపూర్ నాగోబా జాతర రాయుండ్రి. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశంవాళ్ళు గోదావరి నుంచి నడిచి తెచ్చిన నీళ్ళతోని పూజ చేస్తరు. ఆ తర్వాత కొత్త కోడళ్ళను తెల్లచీరలు కట్టించి, ముఖం మీద కొంగు కప్పి, దేవుని ముందరికి తీసుకపోయి పరిచయం చేస్తరు. దాన్ని భేటింగ్ అంటరు. అది అయితేనే ఆమె పూర్తిగా మెస్రం ఇంటి కోడలు. పెళ్ళి ఎప్పుడో అయింది, కాపురం నడుస్తనే ఉంది, కానీ దేవుని ముందట ఇంకా లోపలికి రాలేదు. ఆ నడుమ కాలమే లిమినల్ దశ, భేటింగ్ విలీనం. ఒక్క ఉదాహరణల మూడు దశలు చూపెట్టొచ్చు.

#16 రెండోసారి_మెయిన్స్

అన్నా, ఇది నా నోట్స్‌లోకి పోయింది. ఉపనయనం కొట్టేశాను.

#17 డాలస్_పిన్ని

నేను ఇక్కడ జెనెటిక్ కౌన్సెలర్‌ని. పలమనేరు బాబు రాసిన దానికి రెండు మాటలు.

మన దగ్గర నుంచి వచ్చే జంటలు "మాది మేనరికం కాదు, కాబట్టి ఏ రిస్కూ లేదు" అని ధీమాగా కూర్చుంటారు. అది సగం నిజమే. ఎందుకంటే అంతఃప్రజననం వేరు, అంతర్వివాహం వేరు. మేనరికం మానేసినా వందల ఏళ్ళుగా ఒకే కులం లోపల, ఆ కులంలోనూ ఒకే శాఖలో పెళ్ళిళ్ళు సాగితే, మొదట్లో ఉన్న కొద్దిమంది పూర్వీకుల జన్యువులే అందరిలోనూ తిరుగుతుంటాయి. ఇది ఫౌండర్ ఎఫెక్ట్. హైదరాబాద్ సీసీఎంబీ తంగరాజ్, డేవిడ్ రైక్ వాళ్ళ బృందం 2017లో దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ ఫౌండర్ ఎఫెక్ట్ అష్కెనాజీ యూదుల కన్నా, ఫిన్లండ్ వాళ్ళ కన్నా బలంగా ఉంది. వాటిలో 14 సమూహాల జనాభా ఒక్కోదానికి పది లక్షలు దాటింది. చిన్న గిరిజన తెగల సంగతి మాత్రమే కాదన్నమాట.

ఆ పేపర్లో మన ఉదాహరణే ఉంది, వైశ్యుల్లో బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం. మామూలు జీవితంలో దానివల్ల ఏమీ కాదు. ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే మాత్రం, కొన్ని నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. మత్తు డాక్టర్‌కు ముందే చెప్తే ఆ మందు బదులు ఇంకోటి వాడతారు. ఎవరినీ తక్కువ చేయడానికి కాదు, కులమనే సామాజిక నియమం ఆపరేషన్ టేబుల్ దాకా ఎలా వస్తుందో చూపడానికి చెప్పాను. జెనెటిక్ డ్రిఫ్ట్ (చిన్న గుంపుల్లో జన్యువుల తరచుదనం యాదృచ్ఛికంగా మారడం) ప్రశ్నకు అందరూ పెన్సిల్వేనియా అమిష్‌లను రాస్తారు. మీరు ఇది రాయండి.

ఇంకొకటి, సాపేక్షవాదం, అంటే ఏ ఆచారాన్నైనా దాని సమాజం కళ్ళతోనే ముందు చూడాలన్న మాట. కౌన్సెలింగ్‌లో నేను "ఎందుకు చేసుకున్నారు?" అని అడగను. "బయటి కోడలు వస్తే అత్తను ఎవరు చూస్తారు, మేనకోడలైతే కళ్ళలో పెట్టుకుంటుంది" అని ఒక పెద్దావిడ తనే చెప్పింది. పొలం చెదరకుండా ఉంటుందని ఇంకొకరు. వాళ్ళ లోపలి వివరణ అది, ఎమిక్. గట్టుగారు చెప్పిన మార్పిడి సిద్ధాంతం బయటి వివరణ, ఎటిక్. ఆ జోడీ పదాలు భాషాశాస్త్రవేత్త పైక్ ఇచ్చాడు, మార్విన్ హారిస్ ఆంత్రోపాలజీలో ప్రచారం చేశాడు. సాపేక్షవాదం అంటే రిస్క్ దాచిపెట్టడం కాదు. ఆ ఆచారం వాళ్ళకు ఏ పని చేసిపెడుతోందో ముందు అర్థం చేసుకుని, తర్వాత అంకె చెప్పడం.

#18 పలమనేరు_కుర్రోడు

పిన్నిగారూ, ఆ పెద్దావిడ మాట మా నాయనమ్మ మాటే. సరే, మా అక్కకు ఇప్పుడు సంబంధం చూస్తున్నారు, మేనబావే. ఏ టెస్ట్ చేయించాలి?

#19 డాలస్_పిన్ని

ముందు రెండు కుటుంబాల్లో చిన్నప్పుడే పోయిన పిల్లలు, పుట్టు చెవుడు, చూపు లోపం, రక్తం ఎక్కించుకునే జబ్బులు ఎవరికైనా ఉన్నాయా అని మూడు తరాలు రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని దగ్గర్లో జెనెటిక్స్ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. ఏ టెస్ట్ అన్నది ఆ చరిత్రను బట్టి వాళ్ళు చెప్తారు. ఫోరంలో నేను చెప్పకూడదు.

#20 మోడరేటర్

వైద్య సలహాలు ఇక్కడితో ఆపి పరీక్షకు వద్దాం. రేస్ మీద వచ్చిన పోస్టులను వేరే థ్రెడ్‌కు మార్చాను. క్లుప్తంగా: లెవొంటిన్ 1972, మానవ జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒకే జనాభా లోపలే ఉంటుంది. లివింగ్‌స్టన్ 1962, రేసులు లేవు, ఉన్నవి క్లైన్లే (ప్రాంతాన్ని బట్టి మెల్లగా మారే లక్షణాలే). మిగతా వాదన అక్కడ చేసుకోండి.

#21 రెండోసారి_మెయిన్స్

మేనరికం కాకుండా బయో-కల్చరల్‌కు, అంటే జీవశాస్త్రమూ సంస్కృతీ కలిసే దానికి, రెండో ఉదాహరణ ఒకటి చెప్పండి. 20 మార్కులకు ఒకటే సరిపోదు.

#22 ల్యాబ్‌కోటు

సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం బదులు వేలిన్, ఇంగ్రామ్ 1950ల్లో తేల్చాడు. ఒక ప్రతి ఉన్నవాళ్ళకు మలేరియా నుంచి రక్షణ, ఆలిసన్ 1954. ఇక్కడిదాకా అందరూ రాస్తారు. ఆ తర్వాతి మెట్టు లివింగ్‌స్టన్ 1958. పశ్చిమ ఆఫ్రికాలో అడవి నరికి పోడు వ్యవసాయం మొదలెట్టాక ఎండ తగిలే నీటి గుంటలు ఏర్పడ్డాయి, అనాఫిలిస్ గాంబియే దోమకు అవే ఇళ్ళు, మలేరియా పెరిగింది, సికిల్ జన్యువు నిలిచింది. మనిషి పంట మార్చితే జన్యు తరచుదనం మారింది. భారత్‌లో 1952లో నీలగిరుల్లో మొదట బయటపడింది. ఇప్పుడు నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది, 2047 లక్ష్యం.

మేనరికంతో కలపాలంటే, సికిల్ జన్యువు ఎక్కువగా ఉన్న చోట క్యూ పెద్దది, కాబట్టి నేను #8లో చూపినట్టు మేనరికం అదనంగా చేసేది తక్కువ. అక్కడ ఇద్దరు క్యారియర్ల (జబ్బు లేకుండా ఒక ప్రతి మోసేవాళ్ళ) పెళ్ళి చుట్టరికం లేకపోయినా ప్రమాదమే. అందుకే ఏజెన్సీల్లో చుట్టరికం అడగడం బదులు రక్తపరీక్ష కార్డులు ఇస్తున్నారు.

#23 కొత్త_ఆప్షనల్

ఇదంతా చదివి 10 మార్కుల జవాబు మళ్ళీ రాశాను. దిద్దండి.

"తోబుట్టువుల్లో అన్నా చెల్లెలి పిల్లలు ఒకరికొకరు క్రాస్ కజిన్లు. ద్రావిడ బంధుత్వంలో వీరు బావామరదళ్ళు. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు తోబుట్టువులు. పిన్ని పిల్లల ఇంటిపేరు వేరైనా పెళ్ళి నిషిద్ధం కాబట్టి వంశ బహిర్వివాహంతో మాత్రమే దీన్ని వివరించలేం. డ్యూమాంట్ ప్రకారం ఇది వివాహ బంధాన్ని వ్యక్తం చేసే పదజాలం. మేనమామ కూతురి వివాహం సాధారణీకృత మార్పిడికి, కుండ మార్పిడి పరిమిత మార్పిడికి ఉదాహరణలు. జన్యుపరంగా క్రాస్, ప్యారలల్ కజిన్లిద్దరికీ ఎఫ్ 1/16 కాబట్టి నిషేధపు గీత సాంస్కృతికం. అరుదైన రిసెసివ్ జబ్బుల (క్యూ 0.01) ప్రమాదం ఏడు రెట్లు, సాధారణమైన వాటిది (క్యూ 0.1) ఒకటిన్నర రెట్లు. గోండులు, తెలుగు, తమిళ సమాజాల్లో ఇది ఇష్టవివాహం. ఉత్తరాది సపిండ నియమం దీన్ని నిషేధిస్తుంది. వలసలు, చదువు పెరగడంతో మార్పు వస్తోంది."

#24 గోదారి_గట్టు

ఇప్పుడు ఏడుకు తగ్గదు. చివరి వాక్యం తీసెయ్యండి, ఏ ప్రశ్న కిందైనా అతికే వాక్యం అది, మార్కు రాదు. ఆ చోట్లో పరిహాస సంబంధం ఒక ముక్క పెట్టండి. "వివాహ బంధాన్ని వ్యక్తం చేసే" తర్వాత మామ ఉదాహరణ కలపండి, అదే మీ రుజువు. చిన్న బొమ్మ కూడా వెయ్యండి. త్రిభుజం మగ, వృత్తం ఆడ, రెండు గీతలు పెళ్ళి, పైన అడ్డగీత తోబుట్టువులు. ఈగో (ఎవరి నుంచి వరసలు లెక్కిస్తున్నామో ఆ మనిషి) గుర్తును నల్లగా నింపి, క్రాస్ కజిన్లకు ఒక గుర్తు, ప్యారలల్‌కు ఇంకో గుర్తు.

#25 ల్యాబ్‌కోటు

బొమ్మ దగ్గర ఒక్క జాగ్రత్త. అదే బొమ్మను జెనెటిక్స్ ప్రశ్నలో వేయకండి. అక్కడ పెడిగ్రీ చార్ట్‌లో మగవాడు చతురస్రం, మామూలు పెళ్ళికి ఒకటే గీత, జబ్బు ఉన్నవాళ్ళను నల్లగా నింపుతారు. రెండు గీతలు వేస్తే చుట్టరికంలో పెళ్ళి అని అర్థం. బంధుత్వ బొమ్మను అలాగే దించితే ఇంట్లో ప్రతి జంటా మేనరికం అయిపోతుంది, ఈగోకు జబ్బు అంటుకుంటుంది.